జడ్జి జీతం సరే, ఖాళీ కోర్టు ఖర్చు ఎవరి పద్దులో రాస్తారు?

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు జడ్జీల జీతాల మీద రాసిన ఉత్తరం చదివాను. ఎనిమిదో పే కమిషన్ వేశారు కాబట్టి రేపో మాపో హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల జీతాలు కూడా పెరుగుతాయి, ఆ భారమంతా పన్నులు కట్టే మనమీదే పడుతుందని వారి బాధ. లక్షలకు లక్షలు తీసుకుంటూ కేసులు తేల్చనివాళ్లకు ఇంకా పెంచడమేమిటని అడిగారు. పోయినసారి కూడా ఒక్కసారిగా మూడింతలు చేసుకున్నారని రాశారు. వారి కోపంలో తప్పు లేదు. లెక్కలోనే తేడా ఉంది. ఆ లెక్కలు ముప్పై నాలుగేళ్లు దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, క్షమించాలి.

నేను 1985లో ఒక చిన్న పట్టణంలో మున్సిఫ్ కోర్టులో (ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు అంటున్నారు) కాపీయిస్టుగా చేరాను. 2019లో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. మధ్యలో పదకొండేళ్లు బెంచి క్లర్కుని. బెంచి క్లర్కంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జడ్జి గారి కుర్చీకి దిగువన కూచుని, కేసు కట్టలు ఒక్కొక్కటే అందిస్తూ, వాయిదా తేదీలు రాసుకుంటూ ఉండే మనిషి. పార్టీలకు జడ్జి గారి మొహం గుర్తుండదు గానీ మా మొహం గుర్తుంటుంది. నాలుగేళ్లు జీతాల బిల్లులు కూడా చేశాను. అందుకే డీఏ, అంటే కరువు భత్యం, అనే మాట వినిపిస్తే నా చెయ్యి ఇప్పటికీ కాగితం కోసం వెతుక్కుంటుంది.

ముందు ఆ మూడింతల సంగతి చూద్దాం. 2018లో పార్లమెంటు చట్టం చేసి 2016 జనవరి 1 నుంచి వర్తించేట్టు హైకోర్టు జడ్జి జీతాన్ని 80 వేల నుంచి 2 లక్షల 25 వేలు చేసిన మాట నిజమే. సుప్రీంకోర్టు జడ్జికీ, హైకోర్టు చీఫ్ జస్టిస్‌కీ 90 వేలది రెండున్నర లక్షలైంది. భారత ప్రధాన న్యాయమూర్తికి లక్షది 2 లక్షల 80 వేలైంది. పేపర్లో చూసినవాళ్లకు మూడింతలు అనిపించడం సహజం. కానీ ఆ 80 వేలు వట్టి బేసిక్. 2016 జనవరికి డీఏ 125 శాతానికి చేరింది. 80 వేలకు లక్ష డీఏ కలిస్తే అప్పటికే చేతికి వస్తున్నది లక్షా ఎనభై వేలు. దాన్ని 2 లక్షల 25 వేలు చేసి డీఏని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టారు. అంటే పెరిగింది నాలుగో వంతు, అదీ పదేళ్లకు. లెక్చరర్ గారి జీతం కూడా ప్రతి పీఆర్సీలో, అంటే వేతన సవరణలో, ఇలాగే డీఏ కలుపుకొని పెరిగి ఉంటుంది. అప్పుడు వారు మూడింతలని ఎవరికీ చెప్పి ఉండరు. నవ్వుతూనే అంటున్నాను, తప్పుగా అనుకోవద్దు.

ఇంకా వెనక్కి వెళ్తే తమాషాగా ఉంటుంది. 1950లో రాజ్యాంగం రెండో షెడ్యూల్లో హైకోర్టు జడ్జికి 3,500, చీఫ్ జస్టిస్‌కు 4,000 రాశారు. 1954లో మన ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైనప్పుడు చీఫ్ జస్టిస్‌గా వచ్చిన కోకా సుబ్బారావు గారి జీతం ఆ 4,000. నేను ఉద్యోగంలో చేరిన 1985లో కూడా హైకోర్టు చీఫ్ జస్టిస్ జీతం అదే 4,000! ముప్పై ఆరేళ్లు జీతం అంకె కదల్లేదు. బియ్యం ధర, బంగారం ధర, ఇంటద్దె, అన్నీ కదిలాయి. 1986లో రాజ్యాంగాన్ని సవరించి హైకోర్టు జడ్జికి 8,000 చేశారు. అప్పటి నుంచి రాజ్యాంగం జోలికి పోనక్కర్లేకుండా పార్లమెంటు మామూలు చట్టంతోనే పెంచుతోంది. 1996 నుంచి 26 వేలు, 2006 నుంచి 80 వేలు, ఆ తర్వాతది పైన చెప్పాను.

ఇక భారం ఎంతో చూద్దాం. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మంజూరైన జడ్జి పోస్టులు 37. అన్నీ నిండాయనుకున్నా ఒక్కొక్కరికి నెలకు 2 లక్షల 25 వేల చొప్పున ఏడాదికి పది కోట్లు. 2025 జూలై నాటి 58 శాతం డీఏ కలిపితే దాదాపు పదహారు కోట్లు. రాష్ట్రంలో ఐదు కోట్ల మందిమి ఉన్నామనుకుంటే తలకు ఏడాదికి మూడు రూపాయల పైచిలుకు. బంగళా, కారు, నెలకు 27 వేల ఆతిథ్య భత్యం, ఇంకా నాకు తెలియనివి ఏవైనా కలిపి రెట్టింపు చేసుకోండి, ఏడు రూపాయల లోపే. మా బస్టాండులో టీ ఇప్పుడు పది రూపాయలు. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3 లక్షల 22 వేల కోట్లు. అందులో ఈ డబ్బు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాలి.

ఈ జీతాల మీద అసెంబ్లీలో ఓటింగు కూడా ఉండదు. నేరుగా రాష్ట్ర సంచిత నిధి, అంటే ఖజానా, మీద పడే ఖర్చు ఇది. సభ్యులు చర్చించవచ్చు గానీ కోత పెట్టలేరు. ప్రభుత్వానికి నచ్చని తీర్పిచ్చిన జడ్జి జీతం మీద చెయ్యి పడకూడదని రాజ్యాంగం రాసినవాళ్లు ముందే చూసుకున్నారు. జడ్జీల జీతానికి ఇన్‌కమ్ టాక్స్ లేదని చాలామంది అనుకుంటారు. ఉంది, అందరిలాగే కడతారు.

జీతం ఎందుకు సరిపడా ఉండాలో నాకు పుస్తకాలు చదివి తెలియలేదు. నేను చేరిన రెండో ఏడో మూడో ఏడో మా కోర్టుకు ఒక కుర్ర మున్సిఫ్ గారు వచ్చారు. పెళ్లయి ఒక పాప. ఊళ్లో క్వార్టర్స్ లేవు, అద్దె ఇల్లు. మా ఊళ్లో అప్పట్లో నెల ఖాతా ఇచ్చే కిరాణా కొట్లు రెండే. ఒక కొట్టాయన ఒక అద్దె కేసులో ప్రతివాది. రెండో కొట్టాయన బావమరిది మీద ప్రామిసరీ నోటు దావా. రెండూ మా కోర్టులోనే! నెలాఖరు వచ్చేసరికి అయ్యగారి ఇంట్లో బియ్యం అయిపోయేవి. ఆయన ఆ రెండు కొట్ల గుమ్మం ఎక్కలేదు. మా అటెండరుకు సంచీ ఇచ్చి, పక్క ఊరికి పంపి, ఎవరికోసమో చెప్పొద్దని మరీ చెప్పి అరువు తెప్పించుకునేవారు. ఏడు కిలోమీటర్లు, సైకిల్ మీద. అటెండరు నా దగ్గర గొణుక్కునేవాడు, "కొట్టు ఎదురుగా ఉంటే నాకీ తొక్కుడేంటండీ" అని. ఆ మున్సిఫ్ గారు ఒకసారి బదిలీ కాగితం అందుకుని వెళ్తూ పక్క ఊరి కొట్లో బాకీ నూట పద్దెనిమిది రూపాయలు నా చేతికిచ్చి రసీదు తీసుకోమన్నారు. ఆ రసీదు ఏమైందో గుర్తులేదు, అంకె మాత్రం గుర్తుంది.

ఆయన అలా ఉన్నారు. అందరూ అలా ఉంటారని నేను అనను. ఉండలేనివాళ్లనూ చూశాను. ఎదురుగా ఉన్న కొట్టుకు వెళ్లి, డబ్బులు తర్వాత ఇస్తానంటే చాలు, ఆ కొట్టాయన ఇంక ఎప్పటికీ అడగడు. అక్కడ మొదలవుతుంది. జీతం పెంచితే లంచం ఆగిపోతుందని చెప్పేంత అమాయకుణ్ని కాను, రెండు లక్షలు తీసుకునేవాడికి ఇరవై లక్షల ఆశ ఉండొచ్చు. కానీ బియ్యానికి అరువు తెచ్చుకునే జడ్జి ముందు నిలబడాల్సిన గతి నా పగవాడికి కూడా వద్దు.

కింది కోర్టుల జీతాలు మారడానికి పెద్ద కథే ఉంది. సుప్రీంకోర్టు చెబితే 1996లో జగన్నాథ శెట్టి గారి కమిషన్ వేశారు. దాని సిఫార్సులను 2002 మార్చి 21న సుప్రీంకోర్టు ఆమోదించింది. అప్పుడు జూనియర్ సివిల్ జడ్జి మొదటి జీతం 9,000. తర్వాత పద్మనాభన్ గారి కమిటీ సిఫార్సుతో 27,700. ఆ తర్వాత రెండో కమిషన్‌కు మన తెలుగువారే, పి. వెంకటరామ రెడ్డి గారు చైర్మన్. వారు 2.81తో హెచ్చించమన్నారు. ఆ 2.81 ఎక్కడిదో తెలుసా? హైకోర్టు జడ్జి 80 వేలు 2 లక్షల 25 వేలైంది చూశారూ, ఆ నిష్పత్తే. ఆ లెక్కన జూనియర్ సివిల్ జడ్జి మొదటి జీతం 77,840 అయింది. 2022 జూలై 27న ఈ అంకెను ఆమోదించిన బెంచిలో అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఉన్నారు. 2016 నుంచి బకాయిలన్నీ 2023 జూన్ 30లోగా వాయిదాల మీద చెల్లించాలన్నారు. కొన్ని రాష్ట్రాలు డబ్బుల్లేవని సాగదీస్తే 2024లో వాటి ప్రధాన కార్యదర్శులను ఢిల్లీకి పిలిపించారు. చీఫ్ సెక్రటరీ కోర్టులో నిలబడితే ఫైలు ఎంత వేగంగా కదులుతుందో నేను విడిగా చెప్పనక్కర్లేదు.

లెక్చరర్ గారూ, మీ కోపం పడాల్సిన చోటు ఇక్కడుంది.

ఆ 2002 మార్చి 21 తీర్పులోనే ఇంకో ముక్క ఉంది. పది లక్షల జనాభాకు యాభై మంది జడ్జీలు ఉండాలి, ఐదేళ్లలో ఆ సంఖ్యకు చేరాలి అని. లా కమిషన్ ఈ యాభై మాట 1987లోనే చెప్పింది. తీర్పు వచ్చిన ఏడాది మా కోర్టు బార్ రూములో వకీళ్లు స్వీట్లు పంచుకున్నారు. మా తాలూకాకు ఇంకో రెండు కోర్టులు వస్తాయని, స్థలం ఎక్కడిస్తారని పందేలు కూడా కాశారు. ఇప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. దేశంలో మంజూరైన పోస్టులన్నీ లెక్కేసినా, పాత 2011 జనాభా మీద, పది లక్షలకు సుమారు ఇరవై ఒక్కరే. అందులోనూ నిండనివి వేలల్లో ఉన్నాయి. కింది కోర్టుల్లో పెండింగు కేసులు నాలుగున్నర కోట్లు దాటాయి.

ఒకే తీర్పు. అందులో జీతాల ముక్క అమలైంది, కమిషన్ మీద కమిషన్ వేసుకుని రెండుసార్లు పెరిగింది కూడా. కోర్టుల సంఖ్య ముక్క అలాగే కట్టలో ఉండిపోయింది. దాని కోసం ఏ చీఫ్ సెక్రటరీనీ బోనెక్కించినట్టు నాకు గుర్తులేదు. నేను జడ్జీల దగ్గర పనిచేసి అన్నం తిన్నవాణ్ని, ఈ మాట రాయడానికి కాస్త చెయ్యి వెనకాడుతోంది. కానీ జడ్జీల జీతం కేసు జడ్జీలే వినాల్సి వచ్చినప్పుడు కోర్టు చూపించిన పట్టుదలలో సగం ఖాళీ కోర్టుల మీద చూపిస్తే, ఈపాటికి మా బార్ రూము పందెం ఎవరో ఒకరు గెలిచేవారు.

ఖాళీ కోర్టంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. కోర్టుకు తాళం వేసి ఉండదు. మా కోర్టు 2013లో జడ్జి గారు బదిలీ అయ్యాక పద్నాలుగు నెలలు ఖాళీగా ఉంది. ఆ పద్నాలుగు నెలలూ నేను రోజూ పదిన్నరకల్లా కోర్టు హాలులో ఉన్నాను. ఫ్యాన్లు తిరిగాయి. డఫేదారు కేసులు పిలిచాడు. స్టెనో, టైపిస్టు, అమీనాలు, అందరం జీతాలు తీసుకున్నాం. జడ్జి గారి కుర్చీ ఒక్కటే ఖాళీ. పక్క ఊరి జడ్జి గారికి ఇన్‌చార్జ్ ఇచ్చారు. ఆయన వారానికి రెండు రోజులు వచ్చేవారు. పాపం ఆయనకు తన కోర్టులోనే తెమిలేది కాదు. బెయిళ్లు, అర్జంటు పిటిషన్లు చూసి మూడింటికల్లా బస్సు కోసం వెళ్లేవారు. మిగతా మూడు రోజులూ కేసు పిలవడం, ఆఫీసు తరఫున నేను తేదీ చెప్పడం, వాళ్లు తలూపి వెళ్లడం. నెలకు దాదాపు పన్నెండు రోజులు ఇదే తంతు.

నాకు చిన్నప్పటి నుంచీ లెక్కలు రాసే జబ్బుంది. ఏ డిక్రీకీ పనికిరాని ఒక నోటుబుక్కులో, అలాంటి రోజుల్లో ఎంతమంది వచ్చారో రాసుకునేవాణ్ని. లిస్టులో రోజుకు ఎనభై కేసులుండేవి. అన్నింటికీ పార్టీలు రారు, వకీలే వాయిదా తీసుకుంటాడు. అయినా వాదులు, ప్రతివాదులు, సాక్షులు, తోడొచ్చిన పెద్దమనుషులు కలిసి సగటున అరవై మంది. అప్పటి ధరల్లో రానూపోనూ బస్సుకు నలభై, టీ టిఫినుకు నలభై, పోయిన కూలి రెండొందలు, జిరాక్సులకో గుమస్తా చేతిలో పెట్టడానికో ఇరవై. మనిషికి మూడొందలు. వకీలు ఫీజు ఇందులో కలపలేదు, అది దేవుడికే తెలియాలి. రోజుకు పద్దెనిమిది వేలు, నెలకు పన్నెండు రోజులకు 2 లక్షల 16 వేలు. పద్నాలుగు నెలలకు ముప్పై లక్షల పైన.

అప్పట్లో జూనియర్ సివిల్ జడ్జి మొదటి జీతం 27,700, దాని మీద 90 శాతం డీఏ వేసుకుంటే 52,630. పద్నాలుగు నెలలకు ఏడు లక్షల ముప్పై ఏడు వేలు. అంటే సర్కారుకు ఏడు లక్షలు మిగిలాయి. ఆ తాలూకా జనానికి ముప్పై లక్షలు పోయాయి. ఏడు లక్షలు ఏ ఖాతాలో మిగిలాయో ట్రెజరీలో కనిపిస్తుంది. ముప్పై లక్షలు ఎక్కడా కనిపించవు, ఎందుకంటే అవి మిర్చి కోతకు వెళ్లాల్సిన మనిషి కోర్టు వరండాలో కూచున్న రోజులు. ఇది నా ఒక్క కోర్టు లెక్క, నా నోటుబుక్కు లెక్క. ఇవాళ్టి ధరలు వేసి చూసినా పెద్ద తేడా రాలేదు. జడ్జికి 77,840, ఆ 58 శాతం డీఏ కలిపి లక్షా ఇరవై మూడు వేలు. కూలీ ఐదొందలైంది కాబట్టి జనం వైపు కూడా రెట్టింపైంది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది, ఆ మేరకు నయం.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. మా ఖాళీ కోర్టులో ఇద్దరూ కలిసి బస్టాండులో ఏడ్చేవాళ్లు. ఒకే ఊరివాళ్లు, ఒకే బస్సు. వాది ప్రతివాది పక్కపక్కన కూచుని మరమరాలు పంచుకోవడం చూశాను. అలా రెండు కేసులు రాజీ కూడా అయ్యాయి, అది వేరే సంగతి.

ఒకావిడ సంగతి చెబుతాను. భర్త పోయాక మరుదుల మీద భాగం దావా వేసింది. ఎకరం ఇరవై సెంట్లు మెట్ట. 2006లో దావా, 2012లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఆమెకు మూడో వంతు అన్నారు. డిక్రీ వచ్చిన రోజు నాకో జామకాయ ఇవ్వబోయింది, వద్దంటే డఫేదారుకిచ్చింది. కానీ ప్రాథమిక డిక్రీతో పొలం చేతికి రాదు. తుది డిక్రీకి మళ్లీ పిటిషన్ వెయ్యాలి, కమిషనరును వెయ్యాలి, ఆయన సర్వేయరుతో వెళ్లి కొలిచి గట్లు వెయ్యాలి. ఆ పిటిషన్ విచారణకు వచ్చేసరికి జడ్జి గారు బదిలీ. పద్నాలుగు నెలలు నేనే తేదీలు చెప్పాను. ఒకరోజు ఆమె "బాబూ, నువ్వే చెప్పేయొచ్చుగా, ఆ కొలతలేవో కొలవమని" అంది. చెప్పే అధికారం నాకు లేదని ఆమెకు తెలుసు. అయినా అడిగింది. కొత్త జడ్జి గారు వచ్చాక కమిషనరును వేశారు. ఈలోపు ఒక మరిది పోయాడు. అతని వారసులను కేసులో చేర్చడానికి ఇంకో ఏడాది పట్టింది. నేను రిటైరయ్యే నాటికి ఆ పిటిషన్ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ మూడో వంతు నలభై సెంట్లు. ఆమె తిరిగిన తిరుగుడుకు ఎంత ఖర్చయి ఉంటుందో నోటుబుక్కులో వేసి చూశాను. ఆ అంకె ఇక్కడ రాయను, చదివినవాళ్లు ఆమెను తెలివితక్కువదని అనుకుంటారు.

ఇక రిటైరైన జడ్జీల పెన్షన్ల గురించి కూడా లెక్చరర్ గారు రాశారు. 2025 మేలో సుప్రీంకోర్టు హైకోర్టు జడ్జీలందరికీ ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ అని చెప్పి, పూర్తి పెన్షన్ ఏడాదికి పదమూడున్నర లక్షలు, చీఫ్ జస్టిస్‌గా చేసినవారికి పదిహేను లక్షలు అంది. అది కేంద్రం సంచిత నిధి నుంచి వస్తుంది. మనుషులు కొన్ని వందల్లోనో వేలల్లోనో ఉంటారు. దాని మీద నాకు పేచీ లేదు. పేచీ ఉన్నది ఒక్క మాటతో. 2025 జనవరిలో ఇలాంటి కేసులోనే, పని చెయ్యనివాళ్లకు పంచడానికి రాష్ట్రాల దగ్గర డబ్బులుంటాయి గానీ జడ్జీల జీతాలు, పెన్షన్ల దగ్గరికి వచ్చేసరికి ఇబ్బందులంటారని బెంచి మీద నుంచి అన్నారని పేపర్లలో చదివాను. నాకు అది నచ్చలేదు. ఆ భాగం దావా ఆవిడకు వితంతు పెన్షన్ వస్తుంది, ఇప్పుడు నాలుగు వేలు. అందులోంచే ఆమె కోర్టు ఖర్చులు పెట్టుకుంటోంది. ప్రభుత్వం ఆమెకిచ్చిన పెన్షన్ తిరిగి తిరిగి కోర్టుకే వస్తోందన్నమాట. పని చెయ్యనివాళ్లంటే ఎలా?

జడ్జీలను పెంచితే ఎంతవుతుందో కూడా ఒకసారి వేసి చూశాను. ఐదు కోట్ల మందికి, పది లక్షలకు యాభై చొప్పున మన రాష్ట్రంలో రెండున్నర వేల మంది జడ్జీలుండాలి. మంజూరైనవి ఆరు వందల పైచిలుకు. ఇంకో పందొమ్మిది వందల మంది కావాలి. ఒక్కొక్కరికి మొదటి జీతం డీఏతో ఏడాదికి పద్నాలుగు లక్షల డెబ్భై ఆరు వేలు. మొత్తం రెండు వందల ఎనభై కోట్లు. కోర్టుకు కనీసం పదిహేను మంది స్టాఫ్, భవనం, కంప్యూటర్లు కలిపితే దానికి నాలుగైదు రెట్లు అవుతుందని నా అనుభవం మీద చెబుతున్నాను. పన్నెండు పదమూడు వందల కోట్లు అనుకోండి. ఇది చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాను. హైకోర్టు జడ్జీల జీతాల లాగా ఏడు రూపాయలతో పోదు, మనిషికి రెండొందల యాభై దాకా పడుతుంది. ఒక్క వాయిదాకు అయ్యే ఖర్చు కంటే తక్కువే. జీతాల మీద ఇంత రభస జరిగి, పోస్టుల మీద ఎవరూ మాట్లాడకపోవడానికి కారణం కూడా ఇదేనేమో. నిజంగా డబ్బులయ్యేది రెండోదానికే.

పోస్టులు ఊరికే మంజూరు చేస్తే సరిపోదు, వచ్చేవాళ్లు కావాలి. 2025 మేలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయడానికి మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. మంచి నిర్ణయమే. కోర్టు హాలులో ఎక్కడ నిలబడాలో తెలియకుండా బెంచి ఎక్కినవాళ్లను నేను చూశాను, సాక్షి కంటే ఎక్కువ వణికేవాళ్లు. కానీ మూడేళ్లు ప్రాక్టీసు చేసి నాలుగు రాళ్లు చూసిన తెలివైన కుర్రాడు, ఎప్పటికప్పుడు బదిలీలు, పిల్లల చదువులు చెదిరిపోవడం, ఊళ్లో ఎవరింటికీ భోజనానికి వెళ్లకూడని బతుకు, వీటన్నిటి కోసం జీతం చూసుకోకుండా వస్తాడా? మా మున్సిఫ్ గారి లాంటివాళ్లు నూటికి ఎంతమంది దొరుకుతారు? అందుకే జీతం పెంపుకు నేను వ్యతిరేకిని కాను. పెంచండి. పెంచిన ప్రతిసారీ ఎన్ని కుర్చీలు నింపారో కూడా అదే జీవోలో రాయమని అడుగుతున్నాను.

మీ పేపరుకు కూడా ఒక మనవి. జడ్జీల జీతాలు పెరిగిన వార్త మీరు మొదటి పేజీలో వేస్తారు. దాని పక్కనే, మన జిల్లాలో ఆ రోజుకు ఎన్ని కోర్టులు ఇన్‌చార్జ్‌ల మీద నడుస్తున్నాయో చిన్న డబ్బాలో వెయ్యండి. సమాచారం కష్టం కాదు, ఏ కోర్టు గోడ మీద చూసినా తెలుస్తుంది.

ఈ ఉత్తరం మొదలుపెట్టిన రోజు మందుల కోసం బజారుకు వెళ్తే బస్టాండులో ఆ భాగం దావా ఆవిడ కొడుకు కనిపించాడు. ఆమెకు మోకాళ్లు పట్టేశాయట, ఇప్పుడు వాయిదాలకు అతనే వస్తున్నాడు. కమిషనరు రిపోర్టు మీద అభ్యంతరాలు వేశారట అవతలివాళ్లు. ఎప్పుడుంది అని అడిగాను. వచ్చే నెల పద్నాలుగున అన్నాడు. జడ్జి గారు ఎవరిప్పుడు అన్నాను.

"ఇన్‌చార్జే అండీ," అన్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బెంచి క్లర్కు,
గుంటూరు జిల్లా

(పేరు, ఊరు అచ్చు వెయ్యవద్దని మనవి. పెన్షన్ తీసుకునేవాణ్ని.)